కళలు, కమ్యూనికేషన్ కళాశాలల ఏడాది విజయాల జాబితాను ఎలా చదవాలి?

తమ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసిందనీ, కమ్యూనికేషన్‌లోనో రంగస్థల కళల్లోనో పీజీ చేయాలనుకుంటోందనీ ఒక తల్లి ఇక్కడ రాశారు. విశ్వవిద్యాలయాల కళల విభాగాలు ఏటా ప్రకటించే విజయాల జాబితాలు చూసి కళాశాలను ఎంచుకోవచ్చా, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ ఎలా ఉంటుంది అని అడిగారు.

నేను ఆ స్కూల్లోనే ఎంఏ కమ్యూనికేషన్ చదివాను. తరువాత వేరే ఊళ్లో, వేరే సంస్థలో పాఠాలు చెబుతూ, మూడేళ్లపాటు మా విభాగం వార్షిక నివేదికను రాసే పని చూశాను. కాబట్టి ఇలాంటి జాబితాలో ఒక పేరుగా ఉన్న అనుభవమూ ఉంది, జాబితాను కూర్చిన అనుభవమూ ఉంది. జాబితాలో రాసినవి సాధారణంగా నిజాలే. అయితే ఆ విభాగంలో ఏడాది పొడవునా నిజంగా జరిగిన పనిలో చాలా భాగం అందులో కనిపించదు, కనిపించినదాంట్లో కొంత ఆ ఏడాదికి చెందినదే కాదు. మీరు చూడవలసింది ఆ కనిపించని భాగాన్ని.

ముందు కాలం సంగతి చెబుతాను. ఒక విద్యార్థి బృందం చివరి సెమిస్టరులో డాక్యుమెంటరీ తీస్తే, దాని ఎడిటింగ్ ముగిసేసరికి వేసవి వస్తుంది. దాన్ని చిత్రోత్సవాలకు పంపి, ఎంపికై, ప్రదర్శన జరిగి, బహుమతి వచ్చేసరికి మరో ఏడాది సగం గడుస్తుంది. అప్పటికి ఆ పిల్లలు కళాశాలలో ఉండరు, ఉద్యోగాల్లో ఉంటారు. కానీ బహుమతి మాత్రం కొత్త విద్యాసంవత్సరం నివేదికలోకి ఎక్కుతుంది. నేను తీసిన చిన్న రేడియో డాక్యుమెంటరీకి గుర్తింపు వచ్చిందని తెలిసింది నేను ఉద్యోగంలో చేరిన 5 నెలలకు. కనుక ఈ ఏటి విజయాలు చాలావరకు రెండేళ్ల కిందట ఆ స్టూడియోల్లో ఏ ఉపాధ్యాయులు ఉన్నారో, ఏ పరికరాలు పనిచేశాయో చెబుతాయి. ఆ ఉపాధ్యాయులు ఇప్పటికీ అక్కడే ఉన్నారా అన్నది మీరు విడిగా కనుక్కోవాలి.

రెండవది లెక్క సంగతి. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్‌కు ఏటా పంపే నాణ్యతా నివేదికలో, నేను నింపిన నమూనా ప్రకారం, క్రీడల్లోనూ సాంస్కృతిక కార్యక్రమాల్లోనూ విద్యార్థులకు వచ్చిన బహుమతులను లెక్కించేటప్పుడు బృందానికి వచ్చిన బహుమతిని ఒక్కటిగానే చూపాలి. నాటకం అంటే ముప్ఫై మంది పని. నటులు, లైటింగ్ చూసేవారు, దుస్తులు కుట్టించేవారు, తెర వెనుక ప్రాంప్టింగ్ చెప్పేవారు, సెట్టు మోసేవారు అంతా కలిసి ఆ నమూనాలో ఒక అంకె. ఇక కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాలకు 100 మార్కుల్లో 30 పరిశోధనకే వెళ్తాయి, అందులో ప్రధానంగా చూసేది పరిశోధన పత్రాలను, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్నదాన్ని. ఒక అధ్యాపకుడు ఆరు నెలలు కష్టపడి రంగస్థలం మీదికి తెచ్చిన నాటకానికి ఆ లెక్కలో చోటు లేదు. అదే నాటకం గురించి ఎవరైనా ఒక వ్యాసం రాసి జర్నల్‌లో వేస్తే దానికి చోటు ఉంటుంది. ఈ పద్ధతి కళల విభాగాలకు అన్యాయం చేస్తోందని నేను బలంగా నమ్ముతున్నాను.

నేను పనిచేసిన చోట జరిగిన ఒక విషయం చెప్పాలి. మా విద్యార్థులు ఒక మత్స్యకార గ్రామంలో మూడు వారాలు ఉండి, అక్కడి వారి మాటల్లోనే ఒక నాటకం అల్లి, ఊరి మధ్య ఖాళీ స్థలంలో రాత్రిపూట ఆడారు. పెట్రోమాక్స్ దీపాలు, ఒక జనరేటరు, గోనెసంచులతో కట్టిన తెర. ఊరంతా వచ్చి కూర్చుంది. నాటకం అయ్యాక ఒక పెద్దావిడ లేచి, మీరు చూపించిన తుపాను రాత్రి అలా కాదమ్మా, ఇలా అని చెప్పడం మొదలుపెడితే పిల్లలు రాసుకుంటూ కూర్చున్నారు, రెండోసారి ఆడినప్పుడు ఆ దృశ్యాన్ని పూర్తిగా మార్చారు. నా దృష్టిలో ఆ ఏడాది మా విభాగం చేసిన అతి పెద్ద పని అదే. పోటీ కాదు, బహుమతి లేదు, సర్టిఫికెట్ లేదు కనుక ఏ శీర్షిక కిందా ఇమడదని నివేదిక చివరి ప్రతిలో దాన్ని తీసేశారు. నేను అడిగాను, రెండుసార్లు ఉత్తరం కూడా రాశాను, ఫలితం లేకపోయింది. ఆ పిల్లల ముఖాలు గుర్తొస్తే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఇప్పుడు సరోజినీ నాయుడు స్కూల్ సంగతి. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది అబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్ అనే సరోజినీ నాయుడు ఇంట్లో. 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటికీ ఉంది. కళల విభాగాలు చాలాకాలం ఆ ఇంటి ఆవరణలోనే నడిచాయి, తరువాత గచ్చిబౌలి ప్రాంగణానికి చేరాయి. రంగస్థలం, నృత్యం, చిత్రకళ, కమ్యూనికేషన్, సంగీతం ఒకే స్కూలు కింద ఉండటం ఇక్కడి ప్రత్యేకత. దీని వల్ల లాభం ఏమిటో నాకు అక్కడ చదువుతున్నప్పుడే తెలిసింది. మేము రికార్డు చేసిన కథనానికి గొంతు కావలసి వస్తే రంగస్థల విద్యార్థి దగ్గరికి, బొమ్మ కావలసి వస్తే చిత్రకళ వారి దగ్గరికి నడిచి వెళ్లేవాళ్లం. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి ఎచింగ్‌లో, అంటే లోహపు పలక మీద ఆమ్లంతో గీతలు చెక్కి బొమ్మను అచ్చువేసే కళలో, దేశమంతా పేరు తెచ్చుకున్న కె.లక్ష్మాగౌడ్ బోధించిన చోటు అది. ఆయన తరం వదిలి వెళ్లిన శిక్షణ ఏ సంవత్సరపు జాబితాలోనూ ఒక పంక్తిగా ఉండదు.

కమ్యూనికేషన్ విషయంలో నేను ఎక్కువ చెప్పగలను. ఆ విశ్వవిద్యాలయానికి 90.4 ఎఫ్ఎంలో 'బోల్ హైదరాబాద్' అనే కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల ప్రజల కోసం వారి భాగస్వామ్యంతో నడిచే చిన్న రేడియో, 2011 నుంచి ఉంది. అదే ఏడాది ఆచార్య వినోద్ పావరాల నాయకత్వంలో కమ్యూనిటీ మీడియాపై యునెస్కో పేరున నడిచే అధ్యయన పీఠం ఏర్పడింది. ఒక ఏడాదిలో రెండు పెద్ద విజయాలని ఎవరైనా రాయవచ్చు. కానీ వాటి వెనుక పదేళ్లకు పైబడిన పోరాటం ఉంది. మన దేశంలో 2002లో విద్యాసంస్థలకు మాత్రమే ఇలాంటి రేడియోకు అనుమతి ఇచ్చారు, 2006లో గాని స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరవలేదు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో ప్రసారం మొదలుపెట్టిందంటే, ఆ విధానం కోసం ఏళ్ల తరబడి వాదించినవారిలో ఇలాంటి విశ్వవిద్యాలయ అధ్యాపకులూ ఉన్నారు. నిబంధనల ప్రకారం ఇటువంటి స్టేషన్ కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా, స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి. అందువల్ల మేము మైకు పట్టుకుని చుట్టుపక్కల బస్తీలకు వెళ్లక తప్పేది కాదు. మొదటిరోజు నేను అడిగిన ప్రశ్నలకు ఒక భవన నిర్మాణ కార్మికురాలు ఒక్కదానికీ సరిగా జవాబు చెప్పలేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు, నేను ప్రశ్నల కాగితం తీసి పక్కన పెట్టాక, ఆమె తన పల్లెపాట ఒకటి పాడి వినిపించింది. వినడం నాకు అప్పటిదాకా చేతకాలేదని ఆ రోజు అర్థమైంది.

ఆ ప్రాంగణానికి దగ్గరలోనే, శేరిలింగంపల్లిలో, సురభి కళాకారుల కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబ నాటక పరంపర తరతరాలుగా సాగుతోంది. మీ అమ్మాయి రంగస్థల కళలే ఎంచుకుంటే, ఎక్కడ చదివినా సరే, ఒక ఆదివారం అక్కడికి వెళ్లి వారి తెరలూ తాళ్లూ ఎలా పనిచేస్తాయో చూడమని చెప్పండి. ఎగిరే గుర్రం, రథం, వర్షం అన్నీ చేతులతో లాగే తాళ్లతోనే జరుగుతాయి.

జాబితా చూసి నిర్ణయించే బదులు ఏమి చేయాలని మీరు అడగవచ్చు. నేనైతే ఒక మామూలు పనిదినాన, సాయంత్రం ఆరు తరువాత ఆ కళాశాలకు వెళ్తాను. ఆ సమయంలో రిహార్సల్ హాల్లో దీపం వెలుగుతోందా, ఎడిటింగ్ గదిలో పిల్లలు ఉన్నారా, ప్రింట్ తీసే యంత్రం మీద సిరా తడిగా ఉందా అని చూస్తే చాలా తెలుస్తుంది. తరువాత రెండో సంవత్సరం విద్యార్థులను ఇద్దరిని కూర్చోబెట్టుకుని, కెమెరా గానీ రికార్డరు గానీ వారానికి ఎన్ని గంటలు చేతికి వస్తుంది, నిరుడు తీసినవాటిలో పూర్తికానివి ఎన్ని, వాటిని ఉపాధ్యాయులు కూర్చుని చూశారా అని అడుగుతాను. నిరుడు బహుమతులు పొందినవారి పేర్లు మీ దగ్గర ఉన్నాయి కదా, ఆ పనిలో మిగిలినవాళ్లెవరో కూడా అడగండి. లైటింగ్ చూసిన విద్యార్థి పేరు, శబ్దం మిక్స్ చేసిన అమ్మాయి పేరు ఎవరైనా తడుముకోకుండా చెప్పగలిగితే మీ అమ్మాయిని నిశ్చింతగా అక్కడ చేర్పించండి.