ఆర్వీలో ప్రొపేన్ ఎంత మిగిలిందో గేజ్‌ని కాదు, తూకాన్ని అడగండి

రెండు 20 పౌండ్ల (అంత గ్యాస్ పట్టే) సిలిండర్లున్న ఆర్వీ, అంటే ఇల్లులా వాడుకునే ప్రయాణ ట్రైలర్, గేజ్ ముల్లు రోజుల తరబడి ఆకుపచ్చలోనే ఉంది, అయినా ఒక తెల్లవారుజామున ఫర్నెస్ (లోపల వెచ్చగా ఉంచే గ్యాస్ హీటర్) ఆగిపోయింది, గేజ్ పాడైందా అని ఒకరు అడిగారు.

పాడవలేదండీ. మీరు బిగించినది ప్రెషర్ గేజ్. సిలిండర్‌లో ప్రొపేన్ ద్రవంగా ఉంటుంది, దాని పైన ఆవిరి ఉంటుంది. అడుగున కాస్త ద్రవం ఉన్నంతసేపూ ఆ ఆవిరి ప్రెషర్ వేడిని బట్టి మారుతుందే తప్ప ఎంత గ్యాస్ ఉందన్నదాన్ని బట్టి మారదు. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 110 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), 38 డిగ్రీల ఎండలో 170 దాకా. సిలిండర్ నిండుగా ఉన్నా పావువంతే ఉన్నా అంతే. ద్రవం మొత్తం ఆవిరైపోయాకే ముల్లు పడిపోతుంది. అప్పుడు తెలిసి ఏం లాభం?

మేం చలికాలంలో కూడా ట్రైలర్ తీసుకెళ్తాం, చిన్నపిల్లలు ఉంటారు, అందుకని ఈ విషయంలో నేను తూకం తప్ప దేన్నీ పూర్తిగా నమ్మను. సిలిండర్ కాలర్ (వాల్వ్ చుట్టూ ఉండే పట్టీ) మీద టీ, డబ్ల్యూ అనే ఇంగ్లీషు అక్షరాల పక్కన ఒక అంకె గుద్ది ఉంటుంది. అది ఖాళీ బండ బరువు. 20 పౌండ్ల సిలిండర్‌కి సాధారణంగా 17 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది, కానీ మీ బండ మీద ఏముందో అదే లెక్క. వాల్వ్ మూసి, గొట్టం విప్పి, సూట్‌కేసులు తూచే కొక్కెం కాటాకి తగిలించండి. 29 చూపిస్తే, 17 తీసేయండి, 12 పౌండ్ల గ్యాస్ ఉన్నట్టు.

ఇప్పుడు అసలు లెక్క. పౌండు ప్రొపేన్‌లో సుమారు 21,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది. ఫర్నెస్ మీద ఉన్న ప్లేట్ చూడండి, 30,000 బీటీయూ (అంటే మండే ప్రతి గంటకీ అంత) అని ఉంటే ఆ 12 పౌండ్లు ఎనిమిదిన్నర గంటల మంటకి సరిపోతాయి. రాత్రి పది గంటల్లో ఫర్నెస్ సగంసేపు వెలిగిందనుకుంటే ఒక్క రాత్రికే ఏడు పౌండ్లు పోతాయి, అంటే రెండో రాత్రి తెల్లవారకముందే ఖాళీ. అదే గ్యాస్‌తో ఫ్రిజ్ ఒక్కటే నడిస్తే వారం వస్తుంది. వంటకి పోయేది నిజంగా కొంచెమే. టెన్షన్ అంతా ఫర్నెస్‌తోనే, కాబట్టి రాత్రి చలి ఎలా ఉండబోతోందో చూసి సాయంత్రమే తూచుకోండి.

మీ రెండు సిలిండర్ల మధ్య ఆటోమేటిక్ చేంజోవర్ రెగ్యులేటర్ ఉండే ఉంటుంది. ఒకటి అయిపోగానే అదే రెండోదానికి మారిపోతుంది, దాని మీది చిన్న కిటికీ ఆకుపచ్చ నుంచి ఎరుపు అవుతుంది. చెప్పుకోవడానికి సౌకర్యమే. కానీ రోజూ బయటికెళ్లి ఆ కిటికీ చూడకపోతే మొదటిది ఎప్పుడు అయిపోయిందో తెలియదు, రెండోది కూడా ఖాళీ అయ్యాకే లేస్తారు. మేం రెండో సిలిండర్ వాల్వ్ మూసే ఉంచుతాం. మొదటిది అయిపోతే ఎవరో ఒకరు చలిలో బయటికెళ్లి తిప్పాలి, నిజమే. కానీ ఆ క్షణం నుంచి చేతిలో సరిగ్గా ఒక నిండు బండ ఉందని ఖాయంగా తెలుస్తుంది. పొద్దున్నే ఖాళీదాన్ని నింపించుకుంటాం.

కాటా దగ్గర లేనప్పుడు గోరువెచ్చని నీళ్లు బండ పక్క నుంచి పైనుంచి కిందికి పోసి, అరచేతితో మెల్లగా రాసుకుంటూ దిగండి. పైన ఇనుము వెచ్చగా తగులుతుంది, ఒకచోట ఉన్నట్టుండి చల్లబడుతుంది. ఆ గీత దాకా ద్రవం ఉన్నట్టు. మరిగే నీళ్లు పోయకండి, మంట అసలు దగ్గరికి తేకండి. అడుగున అయస్కాంతంతో అంటుకుని ఫోన్‌కి చెప్పే అల్ట్రాసోనిక్ సెన్సర్లు కూడా పనికొస్తాయి, అవి ద్రవం ఎత్తునే కొలుస్తాయి కాబట్టి. అల్యూమినియం బండకైతే ఆ అయస్కాంతం పట్టదు.

ఇంకో మాట. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకునే చోట చాలాసార్లు 20 పౌండ్ల బండలో 15 పౌండ్లే నింపి ఇస్తారు. అలా తెచ్చినప్పుడు కూడా తూచుకున్నాకే లెక్క వేసుకోండి. విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ జాయింట్ మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

బాగా గడ్డకట్టే చలిలో బండలో గ్యాస్ ఉండగానే ఫర్నెస్ మంట నీరసించవచ్చు. తక్కువ ద్రవం ఆ చలిలో తగినంత వేగంగా ఆవిరి కాలేదు. అప్పుడు నిండుగా ఉన్న రెండో సిలిండర్‌కి మారిపోండి, సగం అయిన దాన్ని ఎండెక్కాక వాడుకోవచ్చు.