వెల్లుల్లి వెన్న: చిటచిట ఆగకముందే దించేయి

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వెల్లుల్లి సాస్ చేదొచ్చిందనీ, వెన్నంతా పైకి తేలి నీళ్లు అడుగున మిగిలాయనీ మొన్న ఫోన్లో చెప్పావు కదా. ఆ హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు చేదు సంగతి. మనకు పోపు అలవాటు. పప్పులోకి వెల్లుల్లి ఎర్రగా వేగితేనే కమ్మగా ఉంటుంది. ఈ సాస్‌కి ఆ అలవాటే ముప్పు. మొదటిసారి నేనూ పోపులాగే వేయించి వెన్నంతా పారబోయాల్సి వచ్చింది, చాలా బాధపడ్డాను.

నెయ్యి కాచేటప్పుడు నా పక్కన పీట వేసుకుని కూర్చునేదానివి, గుర్తుందా? వెన్నలో నూటికి పదహారు పాళ్ల దాకా నీళ్లే. అవి ఇగిరేదాకా చిటచిటమంటూనే ఉంటుంది, చప్పుడు తగ్గిందంటే నెయ్యి అయినట్టు. నీళ్లు ఉన్నంతసేపూ వేడి అదుపులో ఉంటుంది. అవి పోగానే ఒక్కసారిగా పెరిగి వెల్లుల్లి కళ్లముందే మాడుతుంది. అందుకే ఈ సాస్‌కి చెవి ముఖ్యం తల్లీ. చిటచిట వినిపిస్తుండగానే దించేయి. రంగు వచ్చాక దించుదామనుకుంటే ఆలస్యమే, దించాక కూడా గిన్నె వేడికి వేగుతూనే ఉంటుంది.

ఇద్దరికి 50 గ్రాముల వెన్న చాలు. మన చిన్న రెబ్బలైతే పది, పెద్దవైతే నాలుగు. దంచితే ఘాటెక్కువ, సన్నగా తరిగితే నెమ్మదిగా ఉంటుంది. నాకు తరిగిందే ఇష్టం. రెబ్బ మధ్యలో పచ్చ మొలక ఉంటే తీసేయి.

సగం వెన్న సిమ్‌లో కరిగించి వెల్లుల్లి వేయి. పచ్చివాసన పోయి కమ్మని వాసన రాగానే, ఇంకా తెల్లగా ఉండగానే దించి, రెండు స్పూన్ల వేడినీళ్లు పోయి. పాస్తా ఉడికించిన నీళ్లుంటే మరీ మంచిది. మిగిలిన సగం వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి, చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్కటే వేస్తూ తిప్పు. ఒక ముక్క కరిగాకే ఇంకోటి. తిప్పగా తిప్పగా చిక్కటి పాలలా అవుతుంది, గరిటెకు పల్చగా అంటుకుంటుంది. నువ్వు వెన్నంతా ఒకేసారి వేసి మరిగించావు, అందుకే విడిపోయింది. ఈసారి విడిపోయినా పారబోయకు. దించి, స్పూను చల్లటి నీళ్లు పోసి గట్టిగా గిలక్కొట్టు, కలుస్తుంది. నెయ్యితో మాత్రం చేయకు. నీళ్లనూ కొవ్వునూ కలిపి ఉంచే పాలపదార్థం నెయ్యిలో ఉండదు.

చివర అర స్పూను నిమ్మరసం, మిరియాల పొడి, కొత్తిమీర. షాపు వెన్నలో చాలావాటికి ఉప్పు ఉంటుంది, రుచి చూశాకే వేయి. రొయ్యలమీదకైతే వాటిని విడిగా వేయించి, ఈ సాస్ పైన పోయి. అందులోనే ఉడికిస్తే రొయ్యల నీరు దిగి పల్చబడిపోతుంది.

ఒక్కటి మాత్రం తప్పకుండా విను. మిగిలిన సాస్‌ని ఊరగాయలా బయట పెట్టకు. కొవ్వులో మునిగిన వెల్లుల్లికి గాలి తగలదు, అందులో బోట్యులిజం అనే జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు. వాసన మారదు, రంగూ మారదు. చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, మూడు రోజుల్లోపు వాడేయి.

ఈ ఆదివారం చేసి, చప్పుడు ఎప్పుడు తగ్గిందో నాకు చెప్పు.

మీ పెద్దమ్మ