కిడ్నీ జబ్బు ఉంటే మెగ్నీషియం మాత్రలు వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. ఇటీవలి పరీక్షలో క్రియాటినిన్ 2.6, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత సామర్థ్యం) 28 వచ్చాయి. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి నిద్ర ఉండటం లేదు. మెగ్నీషియం తగ్గి ఉంటుందని, మాత్రలు వేసుకోమని మందుల షాపులో చెప్పారు. గ్యాస్‌కు రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటాను. మోషన్ సాఫీగా కావడానికి రాత్రిపూట తెల్లటి సిరప్ తాగుతాను. ఆ మాత్రలు వాడొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

సలహా: ఇప్పుడే వద్దండీ. ముందు ఆ సిరప్ సీసా మీద ఏం రాసి ఉందో చదవండి. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అనో, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అనో ఉంటే మీరు రోజూ మెగ్నీషియం తాగుతున్నట్టే. దానికి మాత్ర కూడా తోడైతే ప్రమాదం.

ఒంటికి అక్కర్లేని మెగ్నీషియాన్ని మూత్రంలో బయటికి పంపేది కిడ్నీలే. అవి కొంత దెబ్బతిన్నా మిగిలిన భాగం ఎక్కువగా పనిచేసి నెట్టుకొస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ 30 కిందికి దిగాక ఆ వెసులుబాటు తగ్గిపోతుంది. మీరిప్పుడు అక్కడే ఉన్నారు.

అలాగని షాపులో చెప్పింది వట్టి మాట కాదు. షుగర్ ఉన్నవాళ్లకు మూత్రంలో మెగ్నీషియం ఎక్కువగా పోవచ్చు. పాంటోప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడితే పేగుల నుంచి అది ఒంటికి సరిగా పట్టదు. కాళ్ల వాపులకు నీరు తీసే మాత్రలు వాడుతుంటే ఇంకొంత పోతుంది. అంటే మీ మందుల్లో ఒకటి తగ్గిస్తుంటే ఇంకొకటి పెంచుతూ ఉండొచ్చు. ఊహించి లాభం లేదు, సీరం మెగ్నీషియం పరీక్ష చేయించండి. ల్యాబును బట్టి కాస్త అటూ ఇటూగా 1.7 నుంచి 2.4 మధ్య ఉంటే మామూలే. దాంతోపాటే కాల్షియం, పొటాషియం, ఫాస్ఫరస్, విటమిన్ డి కూడా చూపించుకోండి. మెగ్నీషియం బాగా తగ్గితే కాల్షియం, పొటాషియం కూడా పడిపోతాయి.

పిక్కలు పట్టడానికి షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం, కాళ్లకు రక్తప్రసరణ తగ్గడం కూడా కారణాలే. పాదాలు కూడా ఒకసారి చూపించుకోండి.

మెగ్నీషియం వాడితే రక్తనాళాల్లో కాల్షియం పేరుకోదని వీడియోల్లో చెబుతున్నారు. కిడ్నీ రోగులకు మాత్రలిచ్చి చూసిన ట్రయల్స్‌లో ఫలితాలకు పొంతన లేదు. అందుకోసమైతే నేను రాయను.

సిరప్‌లో మెగ్నీషియం ఉంటే అది మానేసి, లాక్టులోజ్ వాడొచ్చేమో మీ నెఫ్రాలజిస్టును అడగండి. గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ సిరప్‌లలోనూ మెగ్నీషియం, అల్యూమినియం ఉంటాయి. పొట్ట శుభ్రానికని ఎప్సమ్ సాల్ట్ (ఇదీ మెగ్నీషియం ఉప్పే) అసలు తాగొద్దు. పాంటోప్రజోల్ మీ అంతట మీరు ఆపకండి, ఇంకా అవసరమా అని డాక్టరుతో మాట్లాడండి. గుమ్మడి గింజలు, బాదం, ఆకుకూరల్లోని మెగ్నీషియంతో సాధారణంగా ఇబ్బంది రాదు. వాటిలో చూసుకోవాల్సింది పొటాషియం. మీ రిపోర్టు చూశాకే ఎంత తినాలో డైటీషియన్ చెబుతారు.

మాత్రలు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేయండి. వాంతులు, మత్తుగా ఉండటం, కాళ్లూ చేతులూ పట్టు తప్పడం, బీపీ పడిపోవడం, నాడి నెమ్మదించడం, ఊపిరి అందకపోవడం - వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. సిరప్ సీసా, మాత్రల షీటు వెంట తీసుకెళ్లండి.