సోడియం ఎటు పోయింది?

ప్రశ్న: నకిరేకల్ దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పబ్‌కెమ్ అనే రసాయన సమాచార వెబ్‌సైట్ నుంచి మూలకాల సీఎస్‌వీ ఫైల్ (పట్టికను మామూలు టెక్స్ట్‌గా దాచే ఫైల్) డౌన్‌లోడ్ చేసి, పైథాన్‌లో ఆవర్తన పట్టిక గీద్దామని కూర్చున్నాను. అందులో గ్రూపు, పీరియడ్ నంబర్లు లేకపోతే నేనే చేర్చాను. చార్టు మీద బాగా కనబడాలని సంకేతాలన్నీ పెద్దక్షరాల్లోకి మార్చి సేవ్ చేశాను. ఇప్పుడు సోడియం సంకేతం రావట్లేదు. లాంథనైడ్లు, ఆక్టినైడ్లు అసలే లేవు. రుణవిద్యుదాత్మకతను (బంధంలో ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే శక్తి) బట్టి గళ్లకు రంగులు వేస్తే, హీలియం, నియాన్‌లకు అది సున్నా చూపిస్తోంది. ఫైలే తప్పా సార్?

జవాబు: ఫైల్ తప్పేం లేదండీ. సోడియం మాయమైంది మీ పెద్దక్షరాల వల్లే. ‘ఎన్’ పెద్దది, ‘ఏ’ చిన్నది ఉన్నంతవరకు అది సోడియం. రెండూ పెద్దవైతే, పైథాన్‌లో పట్టికలు చదివే పాండాస్ లైబ్రరీ దాన్ని ‘వివరం లేదు’ అనుకుని, ఫైల్ చదివేటప్పుడే ఆ గడి ఖాళీ చేసేస్తుంది. సెట్టింగ్ మార్చి ఆపొచ్చు గానీ, నన్నడిగితే సంకేతాలను ఉన్నవి ఉన్నట్టే వదిలేయండి. కోబాల్ట్ సంకేతంలో రెండో అక్షరం పెద్దదైతే కార్బన్ మోనాక్సైడ్ అయి కూర్చుంటుంది. రేపు పరీక్షలో దానికి మార్కులు కోసేది మీరే కదా!

లాంథనైడ్లకు గ్రూపు నంబరు ఏమివ్వాలో తెలియక మీరు ఖాళీ వదిలి ఉంటారు. అడ్డం కొలత లేనిదే గడి ఎక్కడ పెట్టాలో ప్రోగ్రామ్‌కు తెలియదు. బొమ్మ కోసం అడ్డం, నిలువు అని వేరే రెండు కాలమ్స్ పెట్టుకోండి. పరమాణు సంఖ్య 57 నుంచి 71 వరకు ఉన్న లాంథనైడ్లకు నిలువు 9, 89 నుంచి 103 వరకు ఉన్న ఆక్టినైడ్లకు 10. అడ్డం రెండింటికీ 3 నుంచి 17. ఎనిమిదో వరుస ఖాళీగా ఉంటే అవి విడిగా కనబడతాయి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆ సున్నాల దగ్గర. రుణవిద్యుదాత్మకతను కొలిచే పౌలింగ్ స్కేలు బంధ శక్తుల నుంచి లెక్కగట్టింది. హీలియం, నియాన్‌లు మామూలుగా బంధాలే ఏర్పరచవు, కాబట్టి వాటికి విలువ లేదు. ఖాళీలను సున్నాతో నింపే లైన్ మీ కోడ్‌లో ఎక్కడో ఉంది, తీసేయండి. లేకపోతే 0.79 ఉన్న సీజియం కంటే హీలియమే ఎలక్ట్రాన్లను సులువుగా వదిలేస్తుందని మీ రంగులు చెబుతాయి. ఖాళీలకు బూడిద రంగు ఇవ్వండి. అప్పుడు 3.98తో ఫ్లోరిన్ అన్నింటికంటే ముదురుగా వస్తుంది. మన నల్లగొండ పిల్లలు దాన్ని చూడగానే నీళ్ల సంగతి అడుగుతారు. నీళ్లలో ఉండేది ఫ్లోరైడ్ అయాన్, దాని కొలత లీటరుకు మిల్లీగ్రాముల్లో. ఈ ఫైల్లో దొరకదు.

ఇంకొకటి, ద్రవీభవన స్థానాలు కెల్విన్‌లో ఉంటాయి. సెల్సియస్ కావాలంటే 273.15 తీసేయండి.

ప్రశ్న: జడ్చర్లలో డిగ్రీ చదువుతున్నాను. మూలకాల పేర్లు తెలుగులో ఉన్న సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. ఎలా?

జవాబు: ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. సేవ్ చేసేటప్పుడు కూడా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అనే పెట్టండి. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, మళ్లీ వెనక్కి రాదు.