హక్కుల కోసం పని చేస్తానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో డిగ్రీ చివరి సంవత్సరం. ఆడవాళ్ల పునరుత్పత్తి హక్కుల మీద పని చేస్తానంటోంది. మానవ హక్కుల డిప్లొమా సరిపోతుందా? – ఒక తండ్రి, పరకాల

జవాబు: సరిపోదండీ. డిప్లొమాతో కోర్టులో వాదించే అర్హత రాదు. ముందు మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయించండి. లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 90 నిమిషాలకు 120 ప్రశ్నలు, అందులో 60 న్యాయ అభిరుచి మీదే. జీకే పుస్తకాలు బట్టీపట్టి ఆ 60 వదిలేసిన పిల్లలకు ర్యాంకు అక్కడే జారిపోతుంది. సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉండనే ఉంది.

ఈ సబ్జెక్టులో మాట మాటకూ విలువ ఉంటుంది. ఎందరు పిల్లలు, ఎంత ఎడం అన్నది ‘తల్లిదండ్రుల’ మానవ హక్కని 1968లో ఐక్యరాజ్యసమితి టెహరాన్ మానవ హక్కుల సదస్సు ప్రకటించింది. 1974లో బుఖారెస్ట్‌ జనాభా సదస్సులో అది ‘దంపతులు, వ్యక్తుల’ హక్కయింది. ‘వ్యక్తులు’ అన్న ఆ ఒక్క మాటతో ఈ హక్కుకు పెళ్లితో ఉన్న ముడి సడలింది. 1994లో కైరో జనాభా సదస్సు జనాభా లక్ష్యాలను వెనక్కి నెట్టి మహిళ ఆరోగ్యాన్ని, నిర్ణయాన్ని ముందుకు తెచ్చింది. లైంగిక విషయాల్లో బలవంతం, హింస లేకుండా తానే నిర్ణయించుకునే హక్కు మహిళకుందని మరుసటి ఏడు బీజింగ్ మహిళా సదస్సు చెప్పింది. మన సుప్రీంకోర్టు 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయాన్ని రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం చేసింది. 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావం చేయించుకునే వీలు అవివాహితలకూ వర్తిస్తుందని 2022లో తీర్పిచ్చింది.

మీ అమ్మాయి ఇవన్నీ చదివి, ఫారం-సి చూడకపోతే మాత్రం లాభం లేదు. గర్భస్రావానికి తీసుకునే సమ్మతి పత్రం అది. 18 నిండిన మహిళకు, మానసిక అనారోగ్యం ఉంటే తప్ప, తన సంతకం ఒక్కటే చాలు. భర్త ఒప్పుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. అయినా ఆయన సంతకం కావాలని తిప్పి పంపే చోట్లున్నాయి. అలా తిరుగుతుండగానే 20 వారాలు దాటితే ఒక డాక్టరు అభిప్రాయం సరిపోయే చోట ఇద్దరిది కావాలి, అదీ చట్టం చెప్పిన కొన్ని వర్గాలకే. ఆ రోజు పక్కన చట్టం తెలిసిన మనిషి ఉండటమే ఆమెకు కావలసిన సాయం.

అందుకే చదువుతూనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా (జనానికి న్యాయ సాయం అందేలా చూసే కార్యకర్తగా) దరఖాస్తు పెట్టించండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది కాబట్టి ఇలాంటి గొడవలు ఎదురుగా చూస్తుంది. ఎల్ఎల్‌బీ అయ్యాక లాయరుగా నమోదయ్యే బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్‌కు జనరల్ వారికి 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోవద్దని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆపైన ప్రాక్టీసుకు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. సీనియర్ దగ్గర మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది తక్కువే, ఆ ఖర్చుకు ఇప్పటినుంచే కొంత పక్కన పెట్టండి.