"ఎన్నాళ్లు దేవా" అని అడగడం సణుగుడు అవుతుందా?

కష్టంలో "ఎందుకిలా చేశావు ప్రభువా" అంటే సణిగినట్టే అని కొందరు అంటారు. కాదండీ. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 1:27 తీసి చూడండి. ఇశ్రాయేలీయులు తమ గుడారాల్లో కూర్చుని, యెహోవా మనల్ని ద్వేషించాడని తమలో తాము అనుకున్నారు. ఆ మాట ఆయనతో అనలేదు. కీర్తనల గ్రంథంలోని కీర్తనకారుడు అంతే ఘాటుగా మాట్లాడతాడు, కాకపోతే పేరు పెట్టి పిలిచి, ఆయనతోనే అంటాడు. మొరకూ సణుగుడికీ తేడా అక్కడే ఉంది.

అలా మొరపెట్టుకోవడానికి 13వ కీర్తనతో మొదలుపెట్టండి, ఆరే వచనాలు. మొదటి రెండింటిలో "అద్ ఆనా" (ఎన్నాళ్లు) అనే హీబ్రూ మాట నాలుగుసార్లు వస్తుంది. రెండు ప్రశ్నలు దేవుడి గురించి, ఒకటి తన గురించి, ఒకటి శత్రువు గురించి. మూడో ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. అక్కడి "ఎత్సోత్" అంటే ఆలోచనలు, ఉపాయాలు. ఏం చేద్దాం, ఎవరిని అడుగుదాం అని లోపల్లోపలే లెక్కలు వేసుకుంటూ అలిసిపోయే అవస్థ అది. మీ లెక్కలేవో అక్కడ పేరుపేరునా చెప్పేయండి.

3వ వచనంలో అడిగేవి మూడు: చూడు, జవాబియ్యి, నా కళ్లకు వెలుగియ్యి. కళ్ల వెలుగంటే ఏదో ఆత్మజ్ఞానం అనుకుంటారు చాలామంది. 1 సమూయేలు 14లో, యుద్ధంలో అలిసిపోయిన సౌలు రాజు కొడుకు యోనాతాను కర్ర కొనను తేనెపట్టులో ముంచి నోట పెట్టుకోగానే అతని కళ్లు వెలిగాయి. అంటే సొమ్మసిల్లిన ఒంటికి సత్తువ రావడం. కాబట్టి నిద్ర, ఆకలి, ఊపిరి ఆడడం కూడా మొహమాటం లేకుండా అడగండి.

ఎక్కువగా తప్పు జరిగేది, కీర్తన స్తుతి వైపు తిరిగే 5వ వచనం దగ్గర. పరామర్శకు వెళ్లినవాళ్లు మొదటి నాలుగూ దాటేసి, నేరుగా "స్తుతించండి" అంటారు. దుఃఖంలో ఉన్నవాళ్ల నోరు నొక్కినట్టే అది. పైగా కష్టం తీరిందని ఆ వచనం చెప్పదు. దేవుడి "హెసెద్" మీద, అంటే మాట తప్పని కృప మీద ఆనుకున్నాను, నీ రక్షణను బట్టి నా గుండె సంతోషిస్తుంది అంటుంది, అంతే.

అంతవరకూ రాలేని రోజు 88వ కీర్తన చదవండి. 1, 9, 13 వచనాల్లో మూడుసార్లు మొరపెడతాడు, జవాబు రాదు. స్తుతితో ముగించడు కూడా. హీబ్రూలో ఆఖరి మాట "మహ్షాక్", చీకటి. అక్కడ ఆగిపోండి, పైన ఇంకేమీ కలపకండి.