చూసిందెంత, ఊహించిందెంత

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. ఒక వాక్యం దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను: “బస్టాండులో ముసలమ్మ దిక్కులేనిదానిలా కూర్చుంది.” ముసలమ్మను చూశావు, ఆమె కూర్చోవడం చూశావు. దిక్కులేనితనం మాత్రం నువ్వు చేర్చింది.

నిన్ను తప్పుపట్టడం లేదు. మన చూపు పనిచేసే తీరే అది. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో ఒక చదరంగపు బల్ల బొమ్మ తయారుచేశారు. బల్ల మీద స్తంభంలాంటి వస్తువు నీడ పడుతూ ఉంటుంది. నీడ బయట ఒక నల్ల గడి, నీడలో ఒక తెల్ల గడి. నిజానికి బొమ్మలో రెండింటిదీ ఒకే బూడిద రంగు. నీడలో ఉన్నది అసలు ఇంకా తెల్లగా ఉండి ఉంటుందని మనసు మనల్ని అడగకుండానే లెక్కకట్టి, తెల్లగా చూపిస్తుంది. ఆ లెక్క మనకు రోజూ అక్కరకొచ్చేదే. అది లేకపోతే చెట్టు నీడలోకి వెళ్ళగానే తెల్లచొక్కా మాసినట్టు కనిపించేది.

తాడును చూసి పామనుకున్న కథ నీకు తెలుసు. దీపం తేగానే పాము మాయమవుతుంది. ఈ బొమ్మలో అలా జరగదు. నిజం తెలిశాక కూడా గడులు వేరువేరుగానే కనిపిస్తాయి. చుట్టూ ఉన్నదంతా కాగితంతో కప్పితే ఒకటవుతాయి. మనుషుల మీద మనం కట్టే అంచనాలు ఎక్కువగా ఈ రెండో రకానివేనని నా నమ్మకం.

ఏళ్ళ కిందట, మా ఇంటివాళ్ళు తిరుమల వెళ్ళివచ్చిన వారమే, బస్సులో నా పక్కన గుండుతో ఒక కుర్రాడు కూర్చున్నాడు. “మొక్కు తీర్చుకుని వస్తున్నావా బాబూ?” అని నవ్వుతూ పలకరించాను. “లేదండీ, నాన్న పోయారు” అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయని అప్పుడు గమనించాను. అంతవరకూ అవి నా ఎదుటే ఉన్నాయి. ఆ ప్రశ్న వెనక్కి తీసుకోలేకపోయిన బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ వాక్యం దగ్గరికి మళ్ళీ వెళ్ళు. చుట్టూ ఉన్న బస్టాండును కాసేపు కప్పేసి ఆమెను మాత్రమే చూడు. ఒళ్ళో సంచిలో ఏముంది? చెప్పులు విప్పి పక్కన పెట్టుకుందా? ఏ ఊరి బస్సు వచ్చినప్పుడు తల ఎత్తింది? ఇవి రాస్తే చాలు. లెక్కకట్టే మనసు పాఠకుడికీ ఉంది, ఆ పని అతనికి వదిలెయ్యి. జవాబులు గుర్తుకు రాకపోతే ఆ బస్టాండుకే వెళ్ళి ఒక పూట కూర్చో. తిరగరాసింది నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.